జీవకణమున కాల్షియపు జమాఖర్చు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

రజతోత్సవ సభలో నన్నును రెండు మాటలు చెప్పుమని పెద్దలు ఆదేశించినపుడు, అలవాటు చొప్పున భాగవతమును గూర్చియో భారతమును గూర్చియో ముచ్చటింతునని మీలో పలువురు తలచియుందురు. నేడు నేను చెప్పబూనినది అది కాదు. తాంబూలమున మనము రాచుకొను సున్నములో, కోడిగ్రుడ్డు పెంకులో, మన యెముకలలో నున్న కాల్షియమను మూలకమును గూర్చి చెప్పదలచితిని. నేను శాస్త్రజ్ఞుడను కాను. మా తండ్రిగారు కరణీకము చేసిరి. 1984లో ఆ పదవులు రద్దయి దఫ్తరములు వెళ్లిపోయినను, లెక్కల బుద్ధి మాత్రము మా యింటిని వీడలేదు. ఊరి సహకార సంఘపు పద్దులును, ఈ గ్రంథాలయపు పద్దులును నేనే వ్రాయుచున్నాను. కావున నేను చెప్పునదియు ఒక జమాఖర్చు వంటిదే. తప్పులున్న విజ్ఞులు దిద్దుదురు గాక.

ఈ విషయము నాకు పుస్తకముతో ఆరంభము కాలేదు; ఒక గేదెతో ఆరంభమైనది. 2003వ సంవత్సరము శీతకాలమున, పదునైదు వేల రూపాయలు అప్పుచేసి కొన్న గేదె మా యింట ఈనినది. దూడ చక్కగా నున్నది. మరునాటి సాయంకాలమునకు గేదె తూలి కూలబడి, మెడను ప్రక్కకు వంచి, ముట్టెను డొక్కకు ఆనించి పడియుండెను. ఎవరో 'పాలజ్వరము' అనిరి. జ్వరమను మాట విని నేను తడిగోనెలు కప్పించితిని. చెవులు పట్టి చూచిన మంచువలె చల్లగా నున్నవి. చల్లగా నున్న పశువునకు జ్వరమెట్లుండునను ప్రశ్న నాకు తోచనే లేదు. తెల్లవారకముందే అది చనిపోయెను. దూడ అరచుచుండగా మా అమ్మగారు ఆ కొట్టమువైపు చూడలేక లోపలికి పోయిరి.

ఆరేండ్ల తరువాత మరియొక గేదెకు సరిగా అవే లక్షణములు కనబడినవి. ఈసారి పశువైద్యుని పిలిపించితిమి. ఆయన గుండె చప్పుడు వినుచు, ఒక సీసాలోని మందును మెడ నరమునకు మెల్లమెల్లగా ఎక్కించెను. సీసా పూర్తియగు వేళకు గేదె ఒడలు వణికెను, త్రేన్చెను, పేడ వేసెను. అరగంటలో లేచి నిలబడి దూడకొరకు అరచెను. ఆ సీసాలో ఏ మహౌషధ మున్నదని అడిగితిని. "ఏమున్నదండీ, కాల్షియము" అని ఆయన చెప్పెను. పిడికెడు సున్నపు సారము ప్రాణమును నిలబెట్టుట ఎట్లను ప్రశ్న నాటినుండి నన్ను విడువలేదు. కళాశాలలో చదువుచున్న మన ఊరి పిల్లలు తెచ్చియిచ్చిన పాఠ్యగ్రంథములును, మన గ్రంథాలయము తెప్పించిన పుస్తకములును చదువగా నాకు బోధపడినంత మీకు నివేదింతును.

మొదట లెక్క చూతము. సముద్రజలము ఒక లీటరులో సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. మన రక్తద్రవమున లీటరుకు సుమారు 100 మిల్లీగ్రాములు. అందు దాదాపు సగము దేనికిని అంటుకొనక స్వేచ్ఛగా తిరుగుచుండును. ఆ రక్తముచే తడుపబడు జీవకణము లోపలనో? అచట స్వేచ్ఛగా నున్నది లీటరునకు ఒక మిల్లీగ్రామును వేయి భాగములు చేసిన నాలుగు భాగములు మాత్రమే. అనగా గోడకు ఆవల పదివేల వంతులైన, ఈవల ఒక వంతు. ఆ గోడయో, కంటికి కనబడనంత పలుచని పొర. ఇంత వ్యత్యాసము దానంతట అది నిలువదు. ఎవరో రేయింబవళ్లు కాపలా కాయుచుండవలెను.

ఏల ఈ కాపలా? కాల్షియమునకు ఫాస్ఫేటుతో గాఢమైన పొత్తు కలదు. రెండును హెచ్చుగా కలిసినచోట గట్టి లవణమై పేరుకొనును. మన యెముకల గట్టిదనము ఆ పొత్తువలన వచ్చినదే. అయితే జీవకణములోని వ్యవహారమంతయు ఫాస్ఫేటుతోనే నడచును. కణమునకు చెల్లుబడి నాణెమైన ఏ.టి.పి. అను పదార్థములో మూడు ఫాస్ఫేటులు గొలుసుగా నుండును. ఏ పనికైనను ఆ నాణెమే ఖర్చు. ఆ పదార్థమును 1929లో అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలయందు ఫిస్కే అను ఆచార్యునితో కలిసి కనుగొన్నవారు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే సంవత్సరము జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును వేరుగా దానిని కనుగొనెను. ఇట్టి నాణెములు నిండిన ఖజానాలోనికి కాల్షియము విచ్చలవిడిగా వచ్చినచో నాణెములతో కలిసి గడ్డకట్టును, ప్రోటీనులను ముద్దకట్టించును, కణము చచ్చును.

తక్కిన విషములలో పెక్కింటిని కణము విరుగగొట్టి నిర్వీర్యము చేయగలదు. కాల్షియము మూలకము, దానిని విరుచుట ఏ కణమునకును సాధ్యము కాదు. నావంటి లెక్కలవాని భాషలో చెప్పవలెనన్న, ఈ పద్దును కొట్టివేయ వీలులేదు. ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు మార్చుటయే గతి. భాగవతము అష్టమ స్కంధమున క్షీరసాగర మథనము మీరెరుగుదురు. హాలాహలమును నాశనము చేయుట కుదరనపుడు, దానిని ఎచట నిలుపవలెనన్నదే ప్రశ్న యైనది. జీవకణమునకును తొలినాళ్లలో అదే ప్రశ్న ఎదురైనది. పురాణమును శాస్త్రముతో ముడివేయుట నా యుద్దేశము కాదు. పోలిక మనసున నిలుచునని చెప్పితిని.

కణము కనుగొన్న ఉపాయము పంపు. దాని పొరలో ఒకజాతి ప్రోటీనులు లోపలి కాల్షియమును పట్టుకొని, ఏ.టి.పి. నాణెమును ఖర్చుచేసి, వెలుపలికి గెంటుచుండును. కొన్ని కణములలో సోడియమును లోనికి రానిచ్చి, బదులుగా కాల్షియమును పంపివేయు వినిమయ ద్వారములును కలవు. సూక్ష్మజీవులైన బాక్టీరియాలయందును ఇట్టి యేర్పాటు కలదు; అవియును తమ లోపలి కాల్షియమును మనవలెనే అత్యల్పముగా నుంచుకొనును. దీనినిబట్టి ఈ కాపలా జీవము ఆరంభించిన తొలి యుగములనాటిదని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు.

ఇంతవరకు ఇది ఆత్మరక్షణ కథ. ఇకమీదనే అసలు వింత యున్నది.

ఒక ఉపమానము చెప్పెదను. ఇంటిలో ఒక్క రూపాయి, వీధిలో పదివేల రూపాయలు ఉన్నవనుకొనుడు. తలుపు రెప్పపాటు తెరచి మూసినచో, తొమ్మిది రూపాయలు లోనికి వచ్చినను ఇంటి నిల్వ పదిరెట్లగును. ఇంటిలోని వారందరును ఎరుగుదురు. ఇంటిలో ముందే వేయి రూపాయలున్నచో, ఆ తొమ్మిది వచ్చినట్లే తెలియదు. నిల్వ అత్యల్పముగా నున్న ఖాతాలోనే చిన్న జమ పెద్ద వార్త యగును. విషమని వెలుపల నుంచిన కారణముననే, కాల్షియము వార్త మోయుటకు తగినదైనది. వార్త అందిన పిమ్మట పంపులు దానిని మరల గెంటివేయును. ఇల్లు తిరిగి నిశ్శబ్దమగును. రక్షణకై కట్టిన గోడయే సందేశమునకు పలక యైనది. నేను నేడు చెప్పవచ్చిన ముఖ్యమైన మాట ఇదియే.

ఆ వార్తను మనుష్యులు తొలిసారి విన్నది లండను నగరమున. 1882 ప్రాంతమున సిడ్నీ రింగర్ అను వైద్యుడు కప్పగుండెను విడదీసి ఉప్పునీటిలో నుంచి కొట్టుకొనజేయుచుండెను. ఉప్పునీరే చాలునని ఆయన ప్రకటించెను. పిదప విచారింపగా, ఆ నీరు బట్టిపట్టిన నీరు కాదనియు, కుళాయి నీరనియు తెలియవచ్చెను. శుద్ధమైన నీటితో మరల చేయగా గుండె కొంతసేపటికే ఆగిపోయెను. కుళాయి నీటిలోని రవ్వంత కాల్షియమే గుండెను నడిపినదని ఆయన 1883లో తన పొరపాటును తానే దిద్దుకొని ప్రకటించెను. ఆసుపత్రిలో మనవారికి ఎక్కించు 'రింగర్ లాక్టేట్' సీసామీద నున్నది ఆ మహనీయుని పేరే. అందును కాల్షియము కలదు.

కండరము ఎట్లు ముడుచుకొనునో తేల్చినవారిలో జపానుదేశీయుడైన సెత్సురో ఎబాషి ముఖ్యుడు. కేవలమొక లవణపు రేణువు ఇంత పని చేయునని తొలుత పలువురు విశ్వసింపలేదు. 1960 దశకమున ఆయనయు ఆయన సహచరులును ట్రోపోనిన్ అను ప్రోటీనును చూపిరి. కండర కణములో కాల్షియమును దాచు సంచులున్నవి. నరము ఆజ్ఞాపింపగానే సంచులు తెరచుకొనును. కాల్షియము వచ్చి ట్రోపోనిన్‌మీద కూర్చుండును. అడ్డు తొలగి కండరము ముడుచుకొనును. పంపులు కాల్షియమును తిరిగి సంచిలో నింపగానే సడలును. నేను ఇప్పుడు చేయి ఎత్తితిని, దించితిని. ఇంతలో ఎన్ని కోట్ల మార్లు ఆ జమయు ఖర్చును జరిగినవో!

అయినను ఈ విద్య నరములతోను కండరములతోను పుట్టినది కాదు. మన చెరువునీటిలో పారమీషియమను ఏకకణ జీవి కలదు. దానికి మెదడు లేదు, నరము లేదు. ఈదుచు ఈదుచు దేనికైన తగిలినచో, దాని పొరలోని ద్వారములు తెరచుకొని కాల్షియము లోనికి వచ్చును. ఒంటిమీది సన్నని కేశములు వెనుకకు కొట్టుకొనును. జీవి వెనుదీసి, మరొక దారి పట్టును. మన పొలముగట్లమీది అత్తిపత్తి ఆకు ముట్టగానే ముడుచుకొనునపుడును, కాల్షియపు అల ఆకు వెంబడి పరుగెత్తుటను జపాను శాస్త్రజ్ఞులు 2022లో కంటికి కనబడునట్లు చూపిరి. చెట్టునకును చేపకును చెరువులోని ఏకకణ జీవికిని భాష ఒకటే. కాల్షియమును పట్టి ఇతర ప్రోటీనులకు వార్త చెప్పు కాల్‌మాడ్యులిన్ అను ప్రోటీను చెట్లయందు, జంతువులయందు, పులియబెట్టు ఈస్టునందును కలదు. 148 పూసల గొలుసువంటి ఆ ప్రోటీనులో, చేప మొదలు మనుష్యుని వరకు పూసల వరుస ఒక్కటియే. కోట్ల సంవత్సరములుగా మార్పునకు తావీయలేదనిన, అందొక పూస తప్పినచో ఎంత నష్టమో ఊహింపవచ్చును.

కనబడని కాల్షియము కనబడుటకు తోడ్పడినది ఒక సముద్రజీవి. ఒసాము షిమోమురా అను శాస్త్రజ్ఞుడు 1961లో అమెరికా పశ్చిమతీరమున వెలుగు చిందు జెల్లీచేపలనుండి ఒక సారమును తీయుచుండెను. పనికిరాదని దానిని తొట్టిలో పారబోయగా, తొట్టిలోని సముద్రజలము తగిలి భళ్లున నీలికాంతి మెరసెను. సముద్రజలమునందలి కాల్షియమే ఆ మెరుపునకు కారణమని ఆయన గ్రహించెను. ఆ పదార్థమును కణములోనికి ఎక్కించినచో, కాల్షియము పెరిగినచోటనెల్ల అది వెలుగును. 1977లో మెడాకా అను చిన్నచేప గ్రుడ్డులో అట్లు చూడగా, బీజము తాకినచోట ఒక వెలుగు పుట్టి, అలవలె గ్రుడ్డంతయు ప్రాకెను. నిద్రించుచున్న గ్రుడ్డును మేలుకొలిపినది ఆ అల. మానవ పిండమునకును తొలి మేలుకొలుపు కాల్షియమే. ఈ సభలో కూర్చున్న మనమందరమును ఒకనాడు అట్టి అలతో ఆరంభమైనవారమే.

కణముయొక్క చిన్నఖాతా ఇట్లుండగా, శరీరమునకు పెద్దఖాతా మరియొకటి కలదు. సముద్రజీవులకు చుట్టును కాల్షియమే, కొరత లేదు. సుమారు 55 కోట్ల సంవత్సరముల క్రిందటినుండి కొన్ని ప్రాణులు దానినే గెంటి పేర్చి పెంకులుగా కట్టుకొన్నవి. నేలకెక్కిన జంతువులకు మాత్రము ఆ సముద్రము లేదు. తమ సముద్రమును తామే వెంట తెచ్చుకొనవలసి వచ్చెను. ఎదిగిన మనుష్యుని దేహమున సుమారు ఒక కిలోగ్రాము కాల్షియముండును. అందు నూటికి తొంబదితొమ్మిది పాళ్లు ఎముకలలోను పండ్లలోను ఉన్నవే. ఎముక మనలను నిలబెట్టు గుంజ మాత్రమే కాదు, నిల్వధనము కూడ. మెడలో బియ్యపుగింజలవంటి నాలుగు చిన్న గ్రంథులు రక్తములోని కాల్షియమును క్షణక్షణమును సరిచూచుచుండును. తగ్గినచో ఒక స్రావమును పంపి ఎముకనుండి తీయించును, మూత్రమున పోవుదానిని ఆపించును. ఈ గ్రంథులకును చేపల మొప్పలకును ఒకే జన్యువు మూలాధారముగా నున్నదని 2004లో శాస్త్రజ్ఞులు చూపి, రెండును ఒకే వంశమునకు చెందియుండునని వాదించిరి. నీటిలో కాల్షియమును త్రాసున తూచిన అవయవమే, నేలకెక్కి మన కంఠమున నిలిచినదన్నమాట.

ఇప్పుడు మా గేదె కథకు వత్తము. గేదెపాలలో లీటరునకు ఒక గ్రామునకు మించి కాల్షియము కలదు. రక్తద్రవమున లీటరునకు పదవవంతు గ్రామే. అనగా ఒక్క లీటరు పాలు పొదుగులోనికి దిగినచో పది లీటర్ల రక్తద్రవములోని కాల్షియము ఖర్చైనట్లు. ఈనిన దినమున ఈ ఖర్చు హఠాత్తుగా వచ్చి పడును. ఎముకలలో కిలోలకొలది నిల్వ యున్నది. కాని ఆ నిల్వను తెరపించు యేర్పాటు మేలుకొనుటకు ఒకటి రెండు దినములు పట్టును. అంతలో రక్తము వట్టిపోవును, కండరములు పట్టుతప్పును, గుండె బలహీనపడును. కొట్టమునిండ ధాన్యముండి, తాళపుచెవి దొరకక ఇంటివారు పస్తుండినట్లు, ఎముకనిండ కాల్షియముండి గేదె కొలది గ్రాముల కొరతచే చచ్చును. సీసామందు ఆ కొరతను తాత్కాలికముగా పూరించును. అట్లని ఎవరికివారు మందు కొని ఎక్కించుట మహాప్రమాదము. త్వరగా ఎక్కించినచో ఆ కాల్షియమే గుండెను ఆపివేయును. వైద్యుడు గుండె వినుచు మెల్లగా ఎక్కించుట అందులకే. ఈనిన పశువు తూలినను, చెవులు చల్లబడినను, తెల్లవారనిమ్మని కూర్చుండక వెంటనే కబురు పంపుడు.

మన ఇండ్లలోని స్త్రీలకును వృద్ధులకును ఈ లెక్క వర్తించును. తినుదానిలో కాల్షియము చాలనపుడు రక్తము తన వంతు తాను పుచ్చుకొనక మానదు. ఖర్చు ఎముకమీద పడును. ఏండ్లతరబడి అట్లు తీయగా ఎముక గుల్లయగును. గడప తట్టుకొని పడినను తుంటి విరుగును. పాలు, పెరుగు, రాగులు మరువకుడు; రాగులలో నూరు గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. అది ఒంటబట్టుటకు 'డి' విటమిను కావలెను. అందులకు ఎండ తోడ్పడును.

ఒక్క మాట చెప్పక తీరదు. ప్రాణము పోయిన కొన్ని గంటలకు దేహము బిగిసిపోవుటను మనమందరమును చూచియున్నాము. ఏ.టి.పి. నాణెములు తీరిపోవును, పంపులు ఆగును, కాల్షియము కణములోనికి పొంగివచ్చును, ముడుచుకొన్న కండరము సడలుటకు ఖర్చుపెట్ట నాణెము లేదు. జీవించుటయనగా ఆ ద్వారమున ఎడతెగక కాపలా కాయుటయే అని నాకు అప్పుడు బోధపడినది.

ఇక మీయెదుట ఒక తప్పు ఒప్పుకొని విరమింతును. 2009లో రెండవ గేదె బ్రతికిన పిమ్మట, పశుపోషణను గూర్చి చదువవలెనని మన గ్రంథాలయమునకు వచ్చి వెదకితిని. ఒక చిన్న పుస్తకము దొరికినది. పాలజ్వరమున ఒడలు చల్లబడుననియు, అది జ్వరము కాదనియు, కాల్షియము ఎక్కించవలెననియు అందు స్పష్టముగా నున్నది. కొన్నతేదీకై దాఖలా పుస్తకము తీసి చూచితిని. 2001వ సంవత్సరము, వెల ఇరువది రూపాయలు, పద్దు వ్రాసిన దస్తూరి నాదే. మొదటి గేదె చచ్చిన రాత్రికి రెండేండ్ల ముందునుండియు ఆ పుస్తకము ఈ అలమారలోనే యున్నది. అట్టమీది పేరు వ్రాసికొంటిని, వెల వ్రాసికొంటిని, తెరచి చూడనైతిని. ఎముకలో నిల్వ యుండియు రక్తమున కందక ఆ గేదె చచ్చెను. అలమారలో అక్షరము లుండియు నా బుద్ధికందక నేను దానిని చంపుకొంటిని.

ఈ ఇరువదియైదేండ్ల లెక్కలలో పైసా తేడా రాలేదని కార్యవర్గమువారు నన్ను ప్రశంసించిరి. వారికి కృతజ్ఞుడను. కాని నిల్వ సరిపోయినంతమాత్రమున లెక్క సరిపోయినట్లు కాదని మాత్రము మనవి చేయుచున్నాను. ఇకమీదనైనను ప్రతి పుస్తకమును పద్దున వ్రాయుటకు ముందు ఒక్కమారు చదువవలెనని నాకు నేను నియమము పెట్టుకొంటిని. మీరును ఇంటికి పోవునపుడు తలకొక పుస్తకము పట్టుకొని పొండు. ఇచ్చిపుచ్చుకోల పద్దు వ్రాయుటకు నేను ఇచటనే కూర్చుండియుందును.